కిరాయిదారుకు వ్రాసే నోటీసు: ఖమ్మంలో ఒక చట్టం, అడవి సరిహద్దు దాటితే మరొకటి

(ఖమ్మంలో మస్జిద్ కమిటీల బాధ్యులు, కిరాయిదారుల కుటుంబాలు కలిసి పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ముల్గీలు కిరాయికి ఇచ్చినవారూ, కిరాయికి ఉంటున్నవారూ పక్కపక్కనే కూర్చున్నారు. మేము ఎవరి పక్షాన మాట్లాడబోతున్నామని ఇద్దరు ముగ్గురు పెద్దలు గుమ్మంలోనే అడిగారు. ఇరుపక్షాలకూ అక్కరకు వచ్చే ఒక కాగితం గురించి మాట్లాడటానికి వచ్చాము. కిరాయినామాలోని షరతు తప్పినప్పుడు, తప్పిన షరతు ఏదో స్పష్టంగా చెప్పి, సరిదిద్దుకొమ్మని గడువు ఇచ్చే నోటీసు అది.

మన ఇళ్లలో నోటీసు అనే మాటకు చెడ్డపేరు ఉంది. ఫలానావారు నోటీసు పంపారట అంటే ఇక సలాముకు సలాము కూడా లేనట్లే భావిస్తాము. అందుచేత షరతు తప్పిన మొదటి నెలలో ఎవరూ నోరు విప్పరు. రెండవ ఏడు కూడా విప్పరు. జుమా నమాజు తరువాత మెట్ల దగ్గర గొణుక్కుంటారు. ఐదారేళ్లు గడిచాక ఒక రాత్రి ఎవరికో కోపం వస్తుంది. అప్పుడు నోటీసు రాదు, తాళం వస్తుంది.

ఖమ్మం నుండి కొత్తగూడెం వెళ్లే దారిలోని ఒక మండల కేంద్రంలో సరిగ్గా ఇదే జరిగింది. మస్జిద్‌కు ఆనుకొని ఉన్న ముల్గీని ఒక పెద్దాయన కుట్టుమిషను పెట్టుకొనేందుకు కిరాయికి తీసుకొన్నారు. ఆయన మరణించాక కుమారుడు ఆ ముల్గీని మరొకరికి ఎక్కువ కిరాయికి అప్పగించి, మస్జిద్‌కు మాత్రం పాత కిరాయే కడుతూ వచ్చాడు. కమిటీకి ఈ సంగతి మొదటి నెలలోనే తెలుసు. తెలిసి కూడా నెలనెలా రసీదు ఇచ్చింది. చివరకు ఒక రాత్రి ఇషా నమాజు తరువాత కొందరు యువకులు షట్టరుకు తాళం వేశారు. ఉదయానికి విషయం పోలీసు స్టేషనుకు, ఆపైన కోర్టుకు చేరింది. చట్టప్రకారం కాక, బలప్రయోగంతో స్వాధీనం కోల్పోయినవారు ఆరు నెలలలోగా దావా వేస్తే, హక్కు ఎవరిదన్న చర్చతో నిమిత్తం లేకుండానే తిరిగి స్వాధీనం పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. కమిటీ తన చేతులారా తాళం తీసి ఇవ్వవలసి వచ్చింది. మేము అక్కడికి వెళ్లింది ఆ తరువాతనే. రసీదు పుస్తకాలు తిరగవేస్తే, షరతు తప్పిన తరువాత కూడా ఒక్క నెల వదలకుండా సంతకాలు ఉన్నాయి.

ఆ రసీదుల సంగతి వదిలిపెట్టేది కాదు. తరువాత చెబుతాము.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాము. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం కిరాయి సంబంధానికి మూలం. ఆ చట్టం ప్రకారం కిరాయిదారు ఆస్తిని తీసుకొన్న పనికి కాక మరొక పనికి వాడరాదు. యజమాని అంగీకారం లేకుండా శాశ్వత కట్టడం కట్టరాదు. ఇవి కిరాయినామాలో వ్రాయకపోయినా 108వ సెక్షన్ వల్ల వర్తిస్తాయి, వేరే ఒప్పందం ఉంటే తప్ప. అయితే షరతు తప్పినంత మాత్రాన కిరాయి హక్కు పోదు. పోవాలంటే, ఈ షరతు తప్పితే యజమాని తిరిగి స్వాధీనపరచుకోవచ్చునన్న మాట కిరాయినామాలో స్పష్టంగా ఉండాలి. ఆపైన హక్కును రద్దు చేయదలచినట్లు యజమాని వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇది 111వ సెక్షన్‌లోని మాట.

1929లో ఈ చట్టానికి 114ఏ అనే సెక్షన్ చేర్చారు. మేము ఈరోజు ప్రధానంగా చెప్పదలచింది దీని గురించే. షరతు తప్పాడన్న కారణంతో కిరాయిదారును ఖాళీ చేయించే దావా వేయాలంటే, యజమాని ముందుగా వ్రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. ఆ నోటీసులో తప్పిన షరతు ఏదో ప్రత్యేకించి చెప్పాలి. సరిదిద్దగలిగిన తప్పు అయితే సరిదిద్దమని అడగాలి. సమంజసమైన గడువులోగా అతడు సరిదిద్దనప్పుడే దావా నిలుస్తుంది. కోర్టు తలుపు తట్టే ముందు పొరుగువాడి తలుపు తట్టమని చట్టమే ఆజ్ఞాపించిందన్నమాట.

దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. ముల్గీని ఇతరులకు అప్పగించరాదన్న స్పష్టమైన షరతును తప్పితే ఈ సెక్షన్ వర్తించదు. సరిదిద్దుకొనే అవకాశం ఇవ్వడం అక్కడ తప్పనిసరి కాదు, హక్కు రద్దు చేస్తున్నట్లు చెప్పే నోటీసు మాత్రం కావలసిందే. కిరాయి బకాయికి కూడా ఈ సెక్షన్ వర్తించదు. దానికి 114వ సెక్షన్ వేరే దారి చూపింది: విచారణలో కిరాయిదారు బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టివేస్తే లేదా హామీ చూపితే కోర్టు అతనిని కొనసాగనీయవచ్చు. చట్టం కోరకపోయినా, పై వ్యవహారాలలో సైతం గడువు ఇచ్చి చూడమనే మేము కమిటీలకు చెబుతాము. ఖుర్ఆన్ రెండవ సూరా 282వ ఆయతు గడువుతో కూడిన లావాదేవీని వ్రాసుకొమ్మని, న్యాయంగా వ్రాసేవాని చేత వ్రాయించుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని ఆదేశిస్తుంది. అంతకు రెండు ఆయతుల ముందే, ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వమని ఉంది. మన కమిటీలలో మొదటిది పాటించనివారు రెండవదాన్ని ఉదహరిస్తూ ఉంటారు. అప్పు వ్రాసుకోకపోతే ఇచ్చిన గడువు ఎంతో ఎవరికి గుర్తుంటుంది?

నోటీసు ఎలా ఉండాలో ఒక నమూనా చదువుతాము. బట్టల దుకాణం కోసం ఇచ్చిన మస్జిద్ ముల్గీలో వెల్డింగు పని మొదలుపెట్టారనుకొందాము.

“మీరు ఫలానా తేదీ నాటి కిరాయినామా ప్రకారం మస్జిద్ ముల్గీ నంబరు 4లో బట్టల దుకాణం నడుపుకొనుటకు కిరాయిదారుగా ఉన్నారు. కిరాయినామా ఆరవ షరతు ప్రకారం ముల్గీని మరొక పనికి వాడరాదు. వాడినచో కిరాయి హక్కును రద్దు చేసి ముల్గీని తిరిగి స్వాధీనపరచుకొనే అధికారం మాకు కలదు. ఫలానా తేదీ నుండి మీరు అందులో వెల్డింగు పని నడుపుతున్నారు. ఇది ఆరవ షరతుకు విరుద్ధము. ఈ నోటీసు అందిన 30 రోజులలోగా వెల్డింగు యంత్రమును, గ్యాసు సిలిండర్లను తొలగించి ముల్గీని పూర్వపు వాడకమునకు తేవలెను. అట్లు చేయనియెడల మీ కిరాయి హక్కును రద్దు చేసి, స్వాధీనము కొరకు చట్టప్రకారం చర్య తీసుకొనగలము. ఈ లోపల మీరు చెల్లించు కిరాయి మా హక్కులకు భంగము లేకుండా స్వీకరింపబడును.”

ఇంతే. దీనిలో కోపం లేదు, పాత తగాదాల ప్రస్తావన లేదు, మీ నాన్నగారు అలా కాదు అనే నిష్ఠూరం లేదు. మా వద్దకు వచ్చే ముసాయిదాలలో సగానికి సగం ఈ నిష్ఠూరమే ఉంటుంది. తప్పిన షరతు మాత్రం ఎక్కడా కనబడదు. కిరాయినామా షరతులను ఉల్లంఘించినందున అని ఒక్క ముక్కలో వ్రాసి ఊరుకొంటే, ఏ షరతును, ఎప్పుడు, ఎలా ఉల్లంఘించాడో చెప్పనందున 114ఏ కోరిన నోటీసు అది కాజాలదు.

సమంజసమైన గడువు ఇన్ని రోజులని చట్టం లెక్క కట్టలేదు. యంత్రం తీసివేయడానికి నెల చాలు. కట్టిన గోడ పడగొట్టి పాత గోడ నిలబెట్టాలంటే మేస్త్రీ దొరకాలి, వానలు తగ్గాలి, ఇంకొంత ఎక్కువ ఇవ్వాలి. వేపచెట్టు కొట్టివేస్తే దాన్ని తిరిగి నిలబెట్టమనలేము. అప్పుడు తప్పును మాత్రం పేర్కొనాలి. రంజాన్ చివరి పది రోజులలో బట్టల దుకాణానికి నోటీసు ఇవ్వడాన్ని ఏ చట్టమూ ఆపదు గాని, ఇచ్చిన కమిటీకి పండుగనాడు ఆలింగనం చేసుకొనే ముఖం ఉండదు.

నోటీసుపై సంతకం ఉండాలి. అది పోస్టులో వెళ్లాలి, లేదా స్వయంగా అతనికి గాని, అతని ఇంట్లో కుటుంబ సభ్యునికి, పనివానికి గాని అందజేయాలి. వీలుపడనప్పుడు ఆస్తిపై అందరికీ కనబడే చోట అంటించాలి. ఈ పద్ధతులు 106వ సెక్షన్‌లో ఉన్నాయి. సరైన చిరునామాతో, తగిన తపాలా రుసుముతో రిజిస్టరు చేసి పంపిన ఉత్తరం మామూలుగా చేరవలసిన వేళకు చేరినట్లే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ అంటుంది. వాట్సాప్‌లో పంపాము గదా, రెండు నీలి గీతలు కూడా పడ్డాయి అనే యువకులకు మా మనవి ఏమిటంటే, ఆ గీతలు అదనపు సాక్ష్యంగా ఉండనీయండి, తపాలా రసీదును మాత్రం పారవేయకండి.

ఇప్పుడు కిరాయి రసీదుల సంగతి. షరతు తప్పినట్లు తెలిసి కూడా, ఆ తరువాతి కాలానికి కిరాయి స్వీకరిస్తే యజమాని ఆ తప్పును మన్నించినట్లే అని 112వ సెక్షన్ చెబుతుంది. ఖాళీ చేయించే దావా వేసిన తరువాత తీసుకొన్న కిరాయికి ఇది వర్తించదు. ఇందాకటి మండల కేంద్రం కమిటీ ఇచ్చిన రసీదులన్నీ కిరాయిదారు వకీలు చేతిలో మన్నింపు పత్రాలుగా మారాయి. మస్జిద్‌కు కరెంటు బిల్లు కట్టాలి, ఇమాము సాహెబుకు జీతం ఇవ్వాలి, కిరాయి వద్దనలేము. వద్దనమని మేమూ చెప్పము. తప్పు తెలిసిన వారంలోనే నోటీసు పంపి, ఆపై ఇచ్చే ప్రతి రసీదుపై ‘ఫలానా తేదీ నాటి నోటీసు హక్కులకు భంగం లేకుండా’ అని ఒక వాక్యం వ్రాయండి. రసీదు వ్రాసే మువజ్జిన్‌కు ఈ వాక్యం నేర్పడమే కమిటీ చేయవలసిన పని.

కిరాయినామా రిజిస్టరు కాకపోతే ఎలాగని అడుగుతారు. ఏడాదికి మించిన కిరాయి ఒప్పందం రిజిస్టరు అయితీరాలని 107వ సెక్షన్. అందుకే ఊరూరా పదకొండు నెలల కాగితాలు పుట్టుకొచ్చాయి. రిజిస్టరు కాని మూడేళ్ల కిరాయినామాలోని షరతులను కోర్టులో నిలబెట్టడం కష్టం. అది నెలనెలా సాగే కిరాయిగానే మిగులుతుంది. నెలవారీ కిరాయిని ముగించడానికి 15 రోజుల నోటీసు చాలునని 106వ సెక్షన్ అంటుంది. పంట భూమికి, తయారీ పనికి ఇచ్చినది అయితే ఆరు నెలలు. కాని ఖమ్మం వంటి పురపాలక ప్రాంతంలో 1960 నాటి భవనాల కిరాయి నియంత్రణ చట్టం వర్తించే భవనమైతే ఆ 15 రోజులు చాలవు. వ్రాతపూర్వక అంగీకారం లేకుండా ఇతరులకు అప్పగించడం, వేరే పనికి వాడటం, బకాయి పడటం వంటి చట్టంలోని కారణం ఒకటి రెంట్ కంట్రోలరు ముందు రుజువు కావాలి. కిరాయి మొత్తాన్ని, భవనం వయసును బట్టి ఆ చట్టం వర్తించడం, వర్తించకపోవడం మారుతుంది గనుక ఈ ఒక్క ప్రశ్నకు వకీలు దగ్గరకు వెళ్లి తీరాలి.

వక్ఫ్ ఆస్తి అయితే మరికొన్ని మెట్లు ఉన్నాయి. ఏడాదికి మించిన లీజుకు వక్ఫ్ బోర్డు ముందస్తు మంజూరు లేకపోతే అది చెల్లదని 1995 నాటి వక్ఫ్ చట్టం 56వ సెక్షన్. నోటీసుపై సంతకం ఎవరిదన్నది ఇక్కడ మొదటి ప్రశ్న. జుమా రోజు చేతులెత్తి ఎన్నుకొన్న కమిటీ అధ్యక్షుని సంతకానికి మన మనసులో ఎంత విలువ ఉన్నా, బోర్డు ఉత్తర్వు లేకపోతే ఎదుటి వకీలు మొదటి పేరాలోనే దానిని పట్టుకొంటాడు. ముతవల్లీగా గాని, మేనేజింగు కమిటీగా గాని బోర్డు గుర్తింపు పత్రం తెచ్చుకొన్నాకే నోటీసు వ్రాయండి.

దావా ఎక్కడ వేయాలన్న దానికి హైదరాబాదు వక్ఫ్ ఒకటి చరిత్రలో నిలిచింది. సుగ్రా హుమాయూన్ మీర్జా ఉర్దూ రచయిత్రి, ముస్లిం స్త్రీల చదువు కోసం పాటుపడిన వ్యక్తి. ఆమె పేరు మీది వక్ఫ్ తన కిరాయిదారులను ఖాళీ చేయించడానికి వక్ఫ్ ట్రిబ్యునలుకు వెళ్లింది. ఆ వ్యవహారం రమేష్ గోబింద్‌రామ్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. ఆస్తి వక్ఫ్‌ది అవునా కాదా అన్న వివాదమే లేనప్పుడు, కేవలం కిరాయిదారును ఖాళీ చేయించే దావా ట్రిబ్యునలుకు కాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలని 2010 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఏళ్ల తరబడి నడిచిన శ్రమ తప్పు తలుపు దగ్గర ఆగిపోయింది. ఆపైన 2013 సవరణలో పార్లమెంటు 83వ సెక్షన్‌ను మార్చి, వక్ఫ్ కిరాయిదారును ఖాళీ చేయించే వివాదాన్ని, ఇరుపక్షాల హక్కులు, బాధ్యతల నిర్ణయాన్ని ట్రిబ్యునలుకే అప్పగించింది. అదే సవరణ, కిరాయి గడువు ముగిసినా, ముతవల్లీ లేదా బోర్డు రద్దు చేసినా అక్కడే ఉండిపోయినవారిని ఆక్రమణదారుల నిర్వచనంలో చేర్చింది. అటువంటివారిపై 54వ సెక్షన్ కింద బోర్డు ముఖ్య కార్యనిర్వహణాధికారి మొదట చేయవలసిన పని కూడా నోటీసు ఇచ్చి సంజాయిషీ కోరడమే. కావున నోటీసు లేని దారి అక్కడా లేదు.

2025 సవరణ తరువాత ఆలస్యం మరింత ఖరీదైంది. వక్ఫ్ స్థిరాస్తిని తిరిగి పొందే దావాకు కాలపరిమితి లేదని పూర్వం 107వ సెక్షన్ రక్షణ ఇచ్చేది. వక్ఫ్ చట్టపు 107 అని గమనించండి, ఇందాకటి 107 వేరు. ఇప్పుడు అక్కడ 1963 నాటి కాలపరిమితి చట్టం వర్తిస్తుందని వ్రాశారు. షరతు తప్పిన కారణంగా స్వాధీనం కోరే దావాకు ఆ చట్టంలోని 66వ అధికరణం 12 ఏళ్లు ఇస్తుంది. పన్నెండేళ్లు చాలా ఎక్కువ అనిపిస్తుంది. మన మస్జిద్ రిజిస్టర్లలో పన్నెండేళ్లుగా గొణుక్కుంటూ ఉన్న వ్యవహారాలు ఎన్ని ఉన్నాయో ఇంటికి వెళ్లి లెక్కపెట్టండి.

కిరాయిదారులుగా వచ్చిన కుటుంబాలతో కొంచెం మాట్లాడతాము. మనలో ఎక్కువమంది ఇచ్చేవారు కాదు, ఉంటున్నవారు. ఏ కాలనీలో ఇల్లు అడిగినా పేరు వినగానే ఇప్పుడే ఇంకొకరికి మాట ఇచ్చాము అనే జవాబు విన్నవారు ఈ సభలోనే చాలామంది. దొరికిన ఇంట్లో కాగితం లేకుండా ఉంటాము, అడిగితే ఆ ఇల్లు కూడా పోతుందేమోనన్న భయంతో. ఆ తరువాత ఫోను వస్తుంది: మీరు మాంసం వండుతున్నారు, చుట్టాలు ఎక్కువ వస్తున్నారు, ఆదివారానికి ఖాళీ చేయండి అని. ఇది షరతు తప్పడం అవుతుందా? ఒప్పందంలో లేని షరతును ఎవరూ తప్పలేరు. అటువంటి కారణంతో ఖాళీ చేయించదలచినవారు నెలవారీ కిరాయి అయినా సరే 15 రోజుల వ్రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, ఖాళీ చేయకపోతే కోర్టుకు వెళ్లాలి. కరెంటు తీసివేయడం, సామాను బయట పెట్టడం యజమాని హక్కులలోనివి కావు.

మరి నోటీసు నిజంగా వస్తే కవరును వెనక్కి పంపకండి. తిరస్కరించారు అని తపాలా ఉద్యోగి వ్రాసిన కవరును అందినట్లే కోర్టులు లెక్కిస్తాయి. పైగా లోపల ఏముందో మీకు తెలియకుండా పోతుంది. తీసుకొని, తేదీ వేసుకొని, గడువు చూడండి. తప్పు నిజమైతే సరిదిద్ది, సరిదిద్దిన ఫోటోతో సహా వ్రాతపూర్వకంగా జవాబివ్వండి. అక్కడితో 114ఏ కింద వారి దావాకు కాళ్లు ఉండవు. నిజం కాకపోతే కాదని అదే తీరున వ్రాయండి. కిరాయి తీసుకోవడం మానేస్తే బ్యాంకు ద్వారానో మనియార్డరు ద్వారానో పంపి రుజువు ఉంచుకోండి. ఇంట్లో ఆడవారే కవరు అందుకొంటారు గనుక ఈ సంగతి వారికి చెప్పడం ముఖ్యం. మేము చూసినంతలో గడువు తేదీని గుర్తుపెట్టుకొన్నది కూడా వారే.

ఇంతవరకు చెప్పినదంతా మైదాన ప్రాంతపు మాట. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా బూర్గంపాడు, సారపాక చేరి గోదావరి వంతెన దాటి భద్రాచలంలో అడుగుపెట్టేసరికి మాట మారుతుంది. ఖమ్మంలో కిరాయి అన్నది అక్కడ అద్దె. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది, అంతకు ముందు మద్రాసు ఏలుబడిలోని ఏజెన్సీ. ఖమ్మం నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లా నుండి 1953లో విడివడిన జిల్లా. ఇప్పుడు 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా. జిల్లాలు ఎన్నిసార్లు మారినా మారనిది షెడ్యూల్డు ప్రాంతపు హద్దు. ఆ హద్దు మండలాల లెక్కన కాదు, గ్రామాల లెక్కన నడుస్తుంది. అందుకే నదికి ఈవల కూడా చాలా గ్రామాలు దానిలోపలే ఉన్నాయి.

ఆ హద్దు లోపల 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన నడుస్తుంది. 1963లో దానిని తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. 1970లో చేసిన సవరణనే అందరూ 1/70 అంటారు. దాని ప్రకారం ఏజెన్సీలోని స్థిరాస్తిని ఆదివాసీ అయినా, ఆదివాసీ కానివారైనా, ఆదివాసీకి గాని ఆదివాసీలే సభ్యులుగా గల సంఘానికి గాని తప్ప బదలాయిస్తే అది పూర్తిగా చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, దానం, మార్పిడితో పాటు లీజు కూడా ఆ నిర్వచనంలో ఉంది. ఆదివాసీ కానివారి చేతిలో ఉన్న భూమి, వేరుగా రుజువయ్యే వరకు, ఆదివాసీ నుండి వచ్చినదనే భావించాలని కూడా ఉంది. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. 1997లో సమతా తీర్పులో, ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ఆదివాసీ కానివారికి లీజుకు ఇవ్వజాలదని అన్నది.

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్లలోని మన కుటుంబాలు షెడ్యూల్డు తెగల జాబితాలో లేవు. కావున ఇందాక చదివిన నమూనా నోటీసును అక్కడ యథాతథంగా పంపితే ఏమవుతుంది? షరతు తప్పావు అనాలంటే ముందు లీజు ఉండాలి. చట్టం దృష్టిలో ఆ లీజే లేకపోతే తప్పిన షరతు ఎక్కడిది? ఏజెన్సీ మండలంలో మనవారొకరు తన దుకాణంలో ఉన్న అద్దెదారుకు, అతడూ మనవాడే, షట్టరు ముందు రేకుల షెడ్డు వేసినందుకు ఒక వకీలు చేత నోటీసు పంపించారు. జవాబు ఒకే వాక్యంలో వచ్చింది: 1970కి ముందటి మీ హక్కు పత్రం చూపండి. ఆ వాక్యం చదివిన తరువాత ఆయన మా దగ్గరకు వచ్చారు. దావా వేస్తే ఆ ప్రశ్న న్యాయస్థానం ముందుకు వస్తుంది. ఎవరైనా ప్రత్యేక డిప్యూటీ కలెక్టరుకు అర్జీ పెడితే ఇద్దరినీ ఖాళీ చేయించే ఉత్తర్వు రావచ్చు. రేకుల షెడ్డు కోసం దుకాణాన్నే పణంగా పెట్టడం వివేకం కాదని చెప్పాము. ఇద్దరినీ మస్జిద్ వరండాలో కూర్చోబెట్టిన పెద్దలు షెడ్డు తీయించారు. ఆ రాజీ కోర్టులో నిలిచేది కాదు, మాట మీద నిలిచింది.

ఇక ఒక కోయ కుటుంబం తన ఇంటి ముందు గదిని మన దర్జీ సోదరునికి అద్దెకు ఇచ్చిందనుకోండి. అక్కడ ఆ కుటుంబం ఖాళీ చేయమంటే అతనికి 114ఏ నోటీసు కావాలని వాదించేందుకు ఆధారం లేదు. ఆ వాదన చేయమని మేము సలహా ఇవ్వము కూడా. వడ్డీ వ్యాపారుల చేతుల్లో, కౌలు కాగితాల మాటున ఆదివాసీ భూములు పోయిన చరిత్ర నుండి పుట్టిన రక్షణ అది. 1917లోనే మద్రాసు ప్రభుత్వం గోదావరి ఏజెన్సీలో ఈ దారి మూయడానికి ఒక చట్టం చేసింది. దానిలో ఏజెంటు అనుమతి అనే కిటికీ ఒకటి ఉండేది. 1970లో కిటికీని కూడా మూశారు. మైనారిటీ హక్కుల పత్రిక చదివే మనం, మనకంటే బలహీనుల రక్షణను మన అద్దె తగాదా కోసం పలచన చేయమని అడగలేము.

ఇదే మాట వక్ఫ్ విషయంలోనూ. ఐదవ, ఆరవ షెడ్యూళ్ల కింది ఆదివాసుల భూమిని వక్ఫ్‌గా ప్రకటించరాదని 2025 సవరణ 3ఈ సెక్షన్ చెబుతుంది. అదే ఏడు సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు ఆ సవరణలోని కొన్ని అంశాలను నిలిపివేసింది గాని దీనిని నిలపలేదు. ఆ సవరణలోని తక్కిన అంశాలపై మన సమాజపు అభ్యంతరాలు వేరు, వాటి చర్చ మరొక సభలో. కోయ రైతు పట్టా భూమిలో ముల్గీలు కట్టి మస్జిద్ ఆదాయం చూసుకొందామని ఎవరైనా అంటే మాత్రం, 2025 దాకా ఆగనక్కరలేదు, 1970 నుండే అది కూడదు. 1/70 వీలునామాకు అడ్డురాదు. వారసత్వంగా తరతరాలుగా వస్తున్న పాత ఇళ్ల సంగతి కూడా వేరు. అటువంటివి ఉన్నవారు పాత పత్రాలను, పహణీ నకళ్లను ఇప్పుడే వెతికి పెట్టుకోవాలి. నోటీసు వ్రాసే రోజున వెతికితే దొరకవు.

సభ ముగిసిన తరువాత మేము ఈ వరండాలోనే కూర్చుంటాము. ఖమ్మం పట్టణం, మైదాన గ్రామాల నుండి వచ్చినవారు కిరాయినామాను, గత పన్నెండు నెలల రసీదులను, కమిటీవారైతే బోర్డు గుర్తింపు పత్రాన్ని తెచ్చి ఉంటే నోటీసు ముసాయిదా ఈరోజే వ్రాద్దాము. నోటీసు అందుకొన్నవారు కవరుతో సహా చూపండి, తపాలా ముద్ర తేదీ అవసరం. ఏజెన్సీ గ్రామాల నుండి వచ్చినవారు ముందుగా గ్రామం పేరు, సర్వే నంబరు, పట్టా ఎవరి పేరిట ఏ ఏటి నుండి ఉందో ఒక కాగితంపై వ్రాసి ఇవ్వండి. నోటీసు పంపాలా వద్దా అన్నది అవి చూశాక మాట్లాడుకొందాము.